ఇల్లు మారితే వికలాంగుల పింఛను ఏమవుతుంది, ఇంటి లోను ఏమవుతుంది?

మా మేనమామకి షుగర్ ముదిరి కుడికాలు మోకాలి కింద దాకా తీసేశారు. ఆయన ఉండేది లోను పెట్టి కట్టుకున్న మేడ మీద, పదహారు మెట్లు ఎక్కాలి. కింద ఇల్లు చూసుకుని మారదామని ఇంట్లో అందరం అడిగినా రెండేళ్లు ఒప్పుకోలేదు. "అడ్రస్ మారితే పింఛను ఆపేస్తారంట, లోను తీరకుండా ఇల్లు అమ్మకూడదంట" అని ఎవరో చెప్పిన మాట పట్టుకుని ఆ మెట్ల మీదే అవస్థ పడ్డారు. ఆ రెండు మాటలూ నిజం కావు. కానీ వాటి వెనక ఉన్న భయానికి కారణాలు ఉన్నాయి.

2025లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్రమంతా వికలాంగుల పింఛన్లను మళ్లీ తనిఖీ చేసి, ఆగస్టులో చాలామందికి నోటీసులు ఇచ్చిన తర్వాత ఈ భయం ఇంకా పెరిగింది. వైకల్యం 40 శాతం కంటే తక్కువని తేలినవాళ్లు అప్పీలు పెట్టుకుని తిరిగారు. అలాంటి సమయంలో ఇల్లు మారడం, కొత్త లోను, కొత్త అడ్రస్ అంటే ఎవరికైనా టెన్షనే. నెల్లూరు, ఒంగోలు వైపు నన్ను ఈ విషయం అడిగినవాళ్లంతా లోను నిబంధనల్నీ పింఛను నిబంధనల్నీ కలిపేసుకుని అడుగుతున్నారు. రెండూ విడదీసి చూస్తేనే ఎక్కడ జాగ్రత్త పడాలో తెలుస్తుంది.

ఏ పింఛను, ఏ లోను

ఊళ్లో "వికలాంగుల పింఛను" అనేది రాష్ట్ర ప్రభుత్వ ఎన్టీఆర్ భరోసా పథకం కింద వచ్చేది. 2024 జులై నుంచి ఇది నెలకు 6,000 రూపాయలు. అంతకుముందు 3,000. పక్షవాతంతోనో ప్రమాదంవల్లనో పూర్తిగా మంచానికి, వీల్‌చెయిర్‌కి పరిమితమైనవాళ్లకి 15,000. కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు ప్రభుత్వ డాక్టర్లు పరీక్షించి ఇచ్చే సదరం సర్టిఫికెట్ ఉండాలి. ఈ పింఛను పేదరికం చూసి ఇచ్చేది. అంటే వైకల్యం ఒక్కటే చాలదు, కుటుంబం ఆదాయం, ఆస్తి కూడా చూస్తారు.

దీనికి పూర్తిగా వేరే రకం కూడా ఉంది. చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌లోనో, కృష్ణపట్నం వైపు ఫ్యాక్టరీలోనో ఈఎస్ఐ ఉన్న ఉద్యోగం చేస్తూ ప్రమాదానికి గురైతే ఈఎస్ఐ నుంచి శాశ్వత వైకల్య భత్యం వస్తుంది. సంపాదించే శక్తి ఎంత శాతం పోయిందో మెడికల్ బోర్డు తేలుస్తుంది, దాన్ని బట్టి జీతంలో కొంత జీవితాంతం ఇస్తారు. పీఎఫ్ ఉన్నవాళ్లు పని చేయలేని స్థితికి వస్తే ఈపీఎస్ (పీఎఫ్‌లోనే ఉండే పింఛను పథకం) కింద వైకల్య పింఛను ఉంటుంది. ఈ రెండూ ఉద్యోగంలో ఉండగా మన పేరున కట్టిన డబ్బు మీద వచ్చే హక్కు. ఇల్లు ఎక్కడుంది, ఎన్ని చదరపు అడుగులు అని అడగవు. కాబట్టి "ఇల్లు మారితే పింఛను పోతుందా" అనే ప్రశ్నకి జవాబు మొదట ఏ పింఛను అన్నదాని మీద ఆధారపడుతుంది. ఇక్కడినుంచి నేను మాట్లాడేది ముఖ్యంగా ఎన్టీఆర్ భరోసా గురించే, ఎక్కువమందికి చిక్కు అక్కడే ఉంది.

ఇంటి లోను అంటే ఇంటి పత్రాలు బ్యాంకు దగ్గర తాకట్టు పెట్టి తీసుకున్న అప్పు. అది తీరేదాకా ఇల్లు మనదే, అందులో ఉండేదీ మనమే. కానీ ఒరిజినల్ దస్తావేజు బ్యాంకు లాకర్‌లో ఉంటుంది, తాకట్టు సంగతి ఈసీలో (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) కనపడవచ్చు.

లోను కొత్త ఇంటికి మనతో రాదు

కొన్ని దేశాల్లో ఇల్లు మారితే పాత లోనుని కొత్త ఇంటి మీదికి మార్చుకునే పద్ధతి మామూలుగా ఉంటుందట. మన దగ్గర అది వాడుకలో లేదు. అప్పు ఆ ఇంటి పత్రాలకి కట్టుబడి ఉంటుంది. ఇక్కడ "లోను ట్రాన్స్‌ఫర్" అని ఏజెంట్లు చెప్పేది వేరే సంగతి: అదే ఇంటి మీద ఉన్న అప్పుని ఒక బ్యాంకు నుంచి తక్కువ వడ్డీ ఇచ్చే ఇంకో బ్యాంకుకి మార్చడం. ఇల్లు మారదు, బ్యాంకు మారుతుంది. ఈ మాట దగ్గర మోసపోయినవాళ్లు నాకు తెలుసు.

మరి లోను ఉన్న ఇల్లు అమ్మవచ్చా? నిక్షేపంగా అమ్మవచ్చు. బ్యాంకు నుంచి ఈ తేదీకి ఇంత కడితే అప్పు తీరిపోతుందని ఒక లెటర్, తమ దగ్గర ఉన్న పత్రాల జాబితా తీసుకుంటారు. కొనేవాళ్లు నగదుతో వస్తే అడ్వాన్సుతో లోను తీర్చి పత్రాలు విడిపిస్తారు. కొనేవాళ్లు కూడా లోను పెట్టుకుంటే వాళ్ల బ్యాంకు నేరుగా మన లోను ఖాతాకి డబ్బు కట్టి, మిగతాది మనకి ఇస్తుంది. రెండో పద్ధతికి కొన్ని వారాలు పట్టవచ్చు. మధ్యలో కొనేవాళ్లు భయపడి వెనక్కి తగ్గడమూ జరుగుతుంది, అందుకే అగ్రిమెంటులో గడువు స్పష్టంగా రాసుకుంటారు.

ఇక్కడ రెండు రిజర్వు బ్యాంకు నియమాలు పనికొస్తాయి. మారే వడ్డీ మీద ఉన్న ఇంటి లోనుని ముందుగా తీర్చేస్తే వ్యక్తుల దగ్గర పెనాల్టీ తీసుకోకూడదు. అప్పు తీరిన 30 రోజుల్లో ఒరిజినల్ పత్రాలు తిరిగి ఇవ్వాలి, ఆలస్యం బ్యాంకు తప్పయితే రోజుకి 5,000 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఈ రెండోది 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉంది.

పింఛను మారుతుంది, కానీ దాంతో కుటుంబం లెక్క కూడా మారుతుంది

రాష్ట్రంలో ఒక గ్రామ, వార్డు సచివాలయం నుంచి ఇంకో సచివాలయానికి పింఛను బదిలీ చేసుకునే వీలుంది. ఆధార్‌లో అడ్రస్ మార్చుకుని సచివాలయంలో దరఖాస్తు ఇస్తే సరిపోతుంది. బదిలీ పూర్తికాకముందే మారిపోతే ఒకటో తేదీన పాత ఇంటికొచ్చి పింఛను తీసుకోవాలి. తీసుకోలేకపోతే ఒక వెసులుబాటు ఉంది: వరుసగా రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో మూడూ కలిపి ఇస్తారు. మూడో నెల కూడా తీసుకోకపోతే ఊరు వదిలి వెళ్లిపోయినట్టు లెక్కేసి ఆపేస్తారు. నెల్లూరు వాళ్లకి చెన్నై దగ్గర కాబట్టి ఇంకో మాట: పిల్లల దగ్గరకని తమిళనాడుకి పూర్తిగా మారితే ఇది కొనసాగదు, ఇది ఆంధ్రప్రదేశ్‌లో ఉండేవాళ్లకే.

అడ్రస్ మారడం వల్ల పింఛను పోదు. అడ్రస్ మారినప్పుడు రికార్డులు కదులుతాయి, ఆ కదలికలో ప్రమాదం ఉంది. పింఛనుకి పెట్టిన అర్హతలని సచివాలయాల్లో "సిక్స్ స్టెప్" అంటారు. నెలకు కుటుంబ ఆదాయం పల్లెలో 10,000, పట్టణంలో 12,000 దాటకూడదు. మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలకి మించకూడదు. ట్యాక్సీ, ఆటో, ట్రాక్టర్ కాకుండా సొంత నాలుగు చక్రాల బండి ఉండకూడదు. కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి గానీ, ప్రభుత్వ పెన్షన్ తీసుకునేవాళ్లు గానీ ఉండకూడదు. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు ఉండకూడదు. నెలకి కరెంటు వాడకం 300 యూనిట్లు దాటకూడదు. పట్టణంలో అయితే 1,000 చదరపు అడుగులకి మించిన కట్టడం ఉండకూడదు.

ఇల్లు మారేటప్పుడు వీటిలో మూడు ప్రాణం తీస్తాయి.

మొదటిది పల్లె నుంచి పట్టణానికి రావడం. కట్టడం విస్తీర్ణం నియమం పట్టణానికే. పంచాయతీలో 1,300 చదరపు అడుగుల పెద్ద పెంకుటిల్లు ఉన్నా ఎవరూ అడగలేదు, నెల్లూరు కార్పొరేషన్ పరిధిలో 1,050 చదరపు అడుగుల ఫ్లాట్ కొంటే ఆస్తిపన్ను రికార్డు దగ్గర పట్టుబడుతుంది. మన నెల్లూరులో స్థలం అంకణాల్లో మాట్లాడుకుంటాం, ఫ్లాట్ల వాళ్లు కామన్ ఏరియా కూడా కలిపి చదరపు అడుగులు చెప్తారు. పింఛను నియమం చూసేది కట్టడాన్ని. కాబట్టి బ్రోచర్‌లో ఉన్న అంకె కాదు, ఆస్తిపన్ను రికార్డులోకి ఎక్కే అంకె ఎంతో కొనకముందే తెలుసుకోవాల్సిన విషయం.

రెండోది మ్యాపింగ్. సచివాలయం రికార్డులో ఎవరెవరు ఒక కుటుంబం అన్నది నమోదై ఉంటుంది. కాలు లేని మనిషి అవసరానికి తమ్ముడింటి కింద వాటాలోకి మారాడనుకోండి, అక్కడ తమ్ముడు ప్రభుత్వ టీచరు. వంట వేరు, రైస్ కార్డు వేరు. కానీ అడ్రస్ మార్చేటప్పుడు ఇద్దరినీ ఒకే కుటుంబంగా ఎక్కించేస్తే మరుసటి తనిఖీలో "కుటుంబంలో ప్రభుత్వ ఉద్యోగి" అని వస్తుంది. దిద్దించుకోవడానికి నెలలు తిరగాలి. అడ్రస్ మారినరోజే కుటుంబం విడిగా నమోదైందో లేదో చూసుకుంటే ఆ తిరుగుడు తప్పుతుంది.

మూడోది కరెంటు మీటరు. పాత ఇల్లు అద్దెకిచ్చి తాము వేరే ఇంట్లో అద్దెకుంటే పాత ఇంటి మీటరు ఇంకా మన పేరునే ఉంటుంది. అద్దెకున్నవాళ్లు ఎండాకాలం రెండు ఏసీలు వేసుకుంటే ఆ యూనిట్లు మన ఖాతాలో పడతాయి. నెల్లూరు ఎండల్లో 300 దాటడం పెద్ద విషయం కాదు. ఇది అన్యాయంగా అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపిస్తుంది. కానీ అద్దె ఒప్పందం కాగితం చేతిలో ఉంటే ఫిర్యాదు చేసేటప్పుడు మాట నిలబడుతుంది.

బ్యాంకు చూసే ఆదాయం, పింఛను చూసే ఆదాయం

ఈ వ్యవహారంలో అసలు ముడి ఇక్కడుంది. కొత్త ఇంటికి లోను కావాలంటే నెలకి ఇంత సంపాదిస్తున్నామని బ్యాంకుకి చూపించాలి. పింఛను నిలవాలంటే పట్టణంలో కుటుంబ ఆదాయం 12,000 లోపు ఉండాలి. సాధారణంగా బ్యాంకులు చేతికొచ్చే ఆదాయంలో సగం వరకే ఈఎంఐలకి పోవచ్చని లెక్కేస్తాయి. అంటే 12,000 ఆదాయం మీద 6,000 ఈఎంఐ. తొమ్మిది శాతం వడ్డీకి పదిహేనేళ్ల మీద ఆ ఈఎంఐకి దాదాపు 5.9 లక్షల అప్పు వస్తుంది. నెల్లూరులో ఆ డబ్బుకి ఇల్లు రాదు.

మరి పింఛను తీసుకుంటూ ఇంటి లోను ఉన్నవాళ్లు ఎవరు? నేను చూసినంతలో మూడు రకాలు. ఉద్యోగం ఉన్నప్పుడు లోను తీసుకుని, ప్రమాదం తర్వాత సంపాదన పోయినవాళ్లు. వేరే కాపురం ఉన్న కొడుకో కూతురో తోడు సంతకం పెడితే లోను వచ్చినవాళ్లు. ప్రభుత్వ ఇళ్ల పథకాల్లో బ్యాంకు రుణంతో ఇల్లు వచ్చినవాళ్లు.

నాలుగో రకం కూడా ఉంది, ప్రమాదం వాళ్లకే ఎక్కువ. లోను ఇప్పిస్తానని వచ్చిన మధ్యవర్తి ఒకటి రెండేళ్ల ఐటీ రిటర్నులు వేయించి, టీ బంకు మీద ఏడాదికి ఐదు లక్షల ఆదాయం చూపిస్తాడు. పన్ను పడలేదు కదా అని అందరూ సంతోషిస్తారు. అదే కాగితం తర్వాత పింఛను తనిఖీలో ఎదురుగా వచ్చి నిలబడుతుంది: బ్యాంకుకి నెలకు 40,000 పైన అని చెప్పి, ప్రభుత్వానికి 12,000 లోపు అని చెప్పారు కదా అని. ఆ రెండిట్లో ఒకటి అబద్ధం. ఆ అబద్ధం రాసింది మధ్యవర్తి అయినా సంతకం ఈ కుటుంబానిది.

ఈ నియమాల మీద రెండు వాదనలు ఉన్నాయి, రెండూ వినదగ్గవే. ప్రభుత్వం వైపు నుంచి చూస్తే డబ్బు పరిమితం, లక్షలమంది దరఖాస్తుదారులు. ఆస్తి, ఆదాయం రికార్డులతో సరిచూడకపోతే నిజంగా లేనివాళ్లకి అందదు. వికలాంగుల హక్కుల కోసం పనిచేసేవాళ్లు చెప్పేది వేరు: వైకల్యానికి ఖర్చు ఉంటుంది, కృత్రిమ కాలు, ఆటో చార్జీలు, తోడుమనిషి. ఆ ఖర్చు కుటుంబం ఆదాయంతో పాటు పెరగడమో తగ్గడమో ఉండదు. కాబట్టి ఇంట్లోవాళ్ల ఆదాయం బట్టి మనిషి పింఛను తీసేయడం అంటే ఆ మనిషిని మళ్లీ ఇంట్లోవాళ్ల దయకి వదిలేయడమే అంటారు. నాకు ఈ రెండో మాటలో బలం ఎక్కువ కనిపిస్తుంది. కానీ నియమం ఉన్నంతకాలం లెక్క దాని ప్రకారమే వేసుకోవాలి.

బ్యాంకు విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఆస్తి కలిగి ఉండడం, బ్యాంకు రుణాలు, తాకట్టు రుణాలు పొందడంలో దివ్యాంగులకి మిగతావాళ్లతో సమానమైన హక్కు ఉంది. ఆదాయం చాలదని బ్యాంకు లోను ఇవ్వకపోవచ్చు, అది ఎవరికైనా వర్తిస్తుంది. వైకల్యం ఉందని మాత్రం ఇవ్వకుండా ఉండకూడదు. చూపు లేనివాళ్లకి లోన్లతో సహా బ్యాంకు సేవలన్నీ వివక్ష లేకుండా ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఏనాడో చెప్పింది. కాదన్నప్పుడు కారణం రాతపూర్వకంగా అడిగితే ఈ రెండిట్లో ఏదో తేలిపోతుంది.

పడుగుపాడు నుంచి నెల్లూరుకి: అంకెల్లో ఒక ఉదాహరణ

2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన సంగతి ఇక్కడివాళ్లు మర్చిపోరు. ఆ నీళ్లలో కాలు లేని మనిషిని భుజాన వేసుకుని డాబా ఎక్కించడం ఎలా ఉంటుందో ఊహించుకోండి. అలాంటి ఒక కుటుంబం అనుకుందాం. భర్తకి ఒక కాలు లేదు, 6,000 పింఛను. భార్య బట్టలు కుట్టి నెలకి 5,000 సంపాదిస్తుంది. కొడుకు శ్రీసిటీలో పని చేస్తూ తడలో వేరే కాపురం ఉంటాడు, లోనులో తోడు సంతకం అతనిదే. పడుగుపాడు ఇంటికి 22 లక్షలు వస్తాయి. లోను ఇంకా 6.4 లక్షలు ఉంది, తొమ్మిదేళ్లు మిగిలాయి, తొమ్మిది శాతం వడ్డీకి ఈఎంఐ సుమారు 8,670. నెల్లూరులో గ్రౌండ్ ఫ్లోర్‌లో 850 చదరపు అడుగుల ఇల్లు 26 లక్షలకి దొరికింది.

పైపైన చూస్తే నాలుగు లక్షలు తేడా, అంతేకదా అనిపిస్తుంది. లెక్క వేద్దాం. పాత ఇల్లు అమ్మితే 22 లక్షల్లోంచి లోను 6.4 లక్షలు, బ్రోకరుకి ఒక శాతం 22,000, కాగితాల ఖర్చు 8,000 పోతే చేతికి 15.3 లక్షలు. కొత్త ఇంటికి 26 లక్షలు. దాని మీద స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 1.95 లక్షలు. బ్రోకరుకి 26,000. బ్యాంకు ప్రాసెసింగ్, లీగల్, వాల్యుయేషన్ 20,000. గుమ్మం ముందు ర్యాంపు, బాత్‌రూమ్‌లో పట్టుకునే కడ్డీలు, వెడల్పు తలుపు కలిపి 60,000. సామాను తోలడానికి 9,000. మొత్తం 29.1 లక్షలు. చేతిలో ఉన్నది తీసేస్తే కొత్త లోను 13.8 లక్షలు కావాలి.

ఇంటి ధర పెరిగింది 4 లక్షలు, అప్పు పెరిగింది 7.4 లక్షలు. మధ్యలో ఉన్న 3.4 లక్షలు మారడానికే ఖర్చయ్యాయి. పదిహేనేళ్ల మీద ఈఎంఐ సుమారు 14,000, ఇరవై ఏళ్లు పెడితే 12,400. అంతా కొడుకు జీతం మీదే నిలబడాలి. అతనికి 28,000 జీతం అనుకుంటే సగం ఇక్కడికే పోతుంది, అతని సొంత సంసారం మిగతా సగంతో నడవాలి.

పింఛను సంగతి? భార్య సంపాదన 5,000, ఇల్లు వెయ్యి చదరపు అడుగుల లోపు, కొడుకు వేరే కాపురం. నిలుస్తుంది. ఈఎంఐ భారం తట్టుకోలేక కొడుకు కూడా తడలో ఇల్లు ఖాళీ చేసి నెల్లూరు వచ్చి అమ్మానాన్నలతోనే ఉంటే అది నిజంగానే ఒకే కుటుంబం. అప్పుడు 28,000 జీతం లెక్కలోకి వస్తుంది, పింఛను పోవచ్చు. ఏడాదికి 72,000 అంటే ఇరవై ఏళ్ల ఈఎంఐలో దాదాపు ఆరు నెలల వాయిదాలు. అదే నెలకి 15,000 పింఛను ఉన్న ఇల్లయితే నష్టం ఏడాదికి 1.8 లక్షలు, ఆ ఏడాది ఈఎంఐలన్నిటి కంటే ఎక్కువ. ఇల్లు వెతికేటప్పుడు ఈ లెక్క వేసుకునేవాళ్లు చాలా తక్కువ.

ఇప్పుడు ఇదే కుటుంబం అమ్మకుండా ఉంటే? పడుగుపాడు ఇల్లు 6,000కి అద్దెకిచ్చి నెల్లూరులో 9,000కి కింద ఇల్లు తీసుకుంటే నెలకి 3,000 అదనం. పాత ఈఎంఐ అలాగే ఉంటుంది. మారడానికి పోయే 3.4 లక్షలు ఈ 3,000 చొప్పున తొమ్మిదేళ్లకి పైగా సరిపోతాయి, అప్పటికి పాత లోను కూడా తీరిపోతుంది. అద్దె 6,000, కుట్టు పని 5,000 కలిపితే 11,000. పట్టణం పరిమితికి వెయ్యి రూపాయల దూరంలో ఉన్నారు. అద్దె కాస్త పెంచినా, కుట్టు పని బాగా సాగినా దాటిపోతారు. ఇంకో ఇబ్బంది, అద్దె ఇంట్లో ర్యాంపు కట్టుకుంటామంటే ఇంటి యజమానులు అంత తేలిగ్గా ఒప్పుకోరు. సొంత ఇల్లే కావాలనేవాళ్లు డబ్బు లెక్క తెలియక అలా అనడం లేదు, ఈ అవమానం పడలేక అంటారు.

కేంద్రం ఇచ్చే వడ్డీ రాయితీ సంగతి చాలామంది అడుగుతారు. పట్టణ ఆవాస్ యోజన 2.0లో 35 లక్షల లోపు ఇంటికి, 25 లక్షల లోపు లోను మీద గరిష్ఠంగా 1.8 లక్షల రాయితీ ఉంది. కానీ కుటుంబానికి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదన్నది మొదటి షరతు. సొంత ఇంట్లోంచి సొంత ఇంటికి మారేవాళ్లు దాన్ని లెక్కలో కలుపుకోకూడదు.

అమ్మిన డబ్బు మీద పన్ను, దాని వెనకే పింఛను

ఇల్లు అమ్మగా వచ్చిన లాభం మీద ఆదాయపు పన్ను ఉంటుంది. పాత ఇల్లు 14 లక్షలకి కొని 22 లక్షలకి అమ్మితే లాభం 8 లక్షలు. కొత్త పన్ను విధానంలో మొదటి 4 లక్షలకి పన్ను ఉండదు, వేరే ఆదాయం లేకపోతే మిగతా 4 లక్షల మీద 12.5 శాతం, సెస్సుతో కలిపి 52,000. రెండేళ్లలో ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా ఆ లాభం అందులో పెట్టినంతవరకు పన్ను మినహాయింపు ఉంది.

పన్ను 52,000తో పోదు. పాత ఇల్లు అమ్మి, అప్పు తీర్చి, మిగిలింది డిపాజిట్ వేసుకుని అద్దెకి పోదామనుకునే కుటుంబం ఆ ఏడాది పన్ను కట్టినవాళ్ల జాబితాలోకి ఎక్కుతుంది. సిక్స్ స్టెప్‌లో అది ఒక గడి. ఇల్లు భార్యాభర్తలిద్దరి డబ్బుతో, ఇద్దరి పేరునా కొన్నదైతే లాభం చెరి 4 లక్షలై పన్నే పడకపోవచ్చు. అమ్మకముందు ఒక ఆడిటర్‌కి వెయ్యో రెండు వేలో ఇచ్చి ఈ ఒక్క ముక్క తేల్చుకున్నవాళ్లు బాగుపడ్డారు.

సబ్ రిజిస్ట్రార్ ఇంటికి వస్తారు

ఇది చాలామందికి తెలియదు. కదల్లేని స్థితిలో ఉన్నవాళ్లు రిజిస్ట్రేషన్ ఆఫీసుకి రావాల్సిన అవసరం లేదని 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. దరఖాస్తు పెట్టి ఫీజు కడితే రిజిస్ట్రారు ఇంటికో ఆస్పత్రికో వచ్చి సంతకం, వేలిముద్ర తీసుకుంటారు. వాడుకలో ప్రైవేట్ అటెండెన్స్ అంటారు. ఇది తెలియక కొందరు బంధువుల పేరున జీపీఏ రాసిస్తారు. అమ్మే అధికారం మొత్తం ఇంకొకరి చేతిలో పెట్టడం అది. ఆ బంధువు మంచివాడే కావచ్చు, కానీ అవసరం లేని చోట అంత ఇవ్వడం ఎందుకు?

దివ్యాంగుల చట్టంలో దీనికి సంబంధించిన మంచి మాట ఒకటుంది. దివ్యాంగుడికి తోడుగా ఉండి వ్యవహారం చూసే మనిషికి అదే ఆస్తి విషయంలో సొంత ప్రయోజనం ఉంటే ఆ విషయంలో తప్పుకోవాలి. తమ్ముడి ఇల్లు అన్న కొంటూ, తమ్ముడి తరఫున తనే మాట్లాడడం కుదరదన్నమాట. ఇల్లు బుద్ధిమాంద్యం ఉన్న బిడ్డ పేరున ఉంటే దారి వేరు. కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక కమిటీ ద్వారా నేషనల్ ట్రస్ట్ చట్టం కింద సంరక్షకుడిని నియమించుకోవడం దగ్గర మొదలుపెట్టాలి, అమ్మకం మాట తర్వాత.

టిడ్కో ఇళ్ల సంగతి

నెల్లూరులో వెంకటేశ్వరపురం, అల్లీపురం వైపు టిడ్కో ఇళ్లు (పట్టణ పేదలకి ప్రభుత్వం కట్టించిన ఫ్లాట్లు) ఉన్నవాళ్లకి పైన చెప్పిన అమ్మకం కొనుగోలు లెక్కలు యథాతథంగా వర్తించవు. 365, 430 చదరపు అడుగుల ఇళ్ల మీద బ్యాంకు రుణం ఉంది. అది లబ్ధిదారుడి పేరునే ఉంటుంది, ఇంట్లో ఉన్నా లేకపోయినా వాయిదా పడుతుంది. జీ ప్లస్ త్రీ బ్లాకులు కాబట్టి పై అంతస్తు వచ్చిన కాలు లేని మనిషికి బాధ ఎక్కువ. పథకంలో వచ్చిన ఇంటిని, అసైన్డ్ పట్టా స్థలాన్ని చట్టం పెట్టిన షరతులు తీరకుండా తెల్లకాగితం మీద అమ్మితే డబ్బు తీసుకున్నా అప్పు మన పేరునే మిగులుతుంది, కొన్నవాళ్లకీ హక్కు రాదు.

వాయిదాలు ఆగినవాళ్లకి

కొందరు ఇష్టపడి మారరు, ఈఎంఐ కట్టలేక మారతారు. మూడు నెలలు, అంటే 90 రోజులు వాయిదా కట్టకపోతే ఖాతా మొండిబకాయి అవుతుంది. తర్వాత తాకట్టు ఆస్తిని బ్యాంకు స్వాధీనం చేసుకునేందుకు ఉన్న సర్ఫేసీ చట్టం కింద 60 రోజుల నోటీసు, ఆ తర్వాతే స్వాధీనం. స్వాధీనం చర్య మీద 45 రోజుల్లో రుణ వసూలు ట్రిబ్యునల్‌కి వెళ్లవచ్చు. మిగిలిన బాకీ అసలు, వడ్డీ కలిపిన మొత్తంలో 20 శాతం లోపు ఉంటే ఈ చట్టం కింద స్వాధీనం చేసుకోవడానికి వీల్లేదు. వేలంలో వచ్చే ధర కంటే యజమాని తానే అమ్ముకుంటే సాధారణంగా మంచి ధర వస్తుంది, ఆ 60 రోజులు అందుకు పనికొస్తాయి.

దానికంటే ముందు ఒక కాగితం వెతకాలి. లోను ఇచ్చేటప్పుడు చాలాచోట్ల ఇన్సూరెన్స్ పాలసీ కూడా కట్టిస్తారు, ప్రీమియం లోనులోనే కలిసిపోతుంది కాబట్టి ఉన్న సంగతే గుర్తుండదు. కొన్నిట్లో మరణానికే కాదు, ప్రమాదవశాత్తు శాశ్వత వైకల్యం వచ్చినా మిగిలిన అప్పు తీర్చే షరతు ఉంటుంది. బ్యాంకు ఖాతాలో ఏడాదికి 20 రూపాయలు కట్ అవుతున్న సురక్షా బీమా ఉంటే ప్రమాదంలో రెండు కాళ్లో రెండు కళ్లో పోతే 2 లక్షలు, ఒక కాలో ఒక కన్నో పోతే లక్ష. మా మామ కాలు పోయింది షుగర్ వల్ల కాబట్టి ఆ లక్ష రాలేదు. ఆయన చివరికి మేడ మీది ఇల్లు అద్దెకిచ్చి, రెండు వీధుల అవతల కింద ఇంట్లోకి మారారు. వార్డు సచివాలయం కూడా మారలేదు. మరుసటి నెల ఒకటో తేదీ పొద్దున పింఛను కొత్త గుమ్మం దగ్గరికే వచ్చింది.